ఆరు పిడికిళ్ల జీలకర్ర

గుమారో హోటల్‌లో మా ఒరాలియా పిన్ని ఇరవై ఏడేళ్లపాటు టాకో పొడి కొట్టింది. అందులో ఇరవై రెండేళ్లు మానేస్తానంటూనే ఉంది.

కోపంగా అనేది కాదు. ఉల్లిపాయలు తరుగుతూ, సాయంత్రం వాన పడేలా ఉందన్నంత మామూలుగా అనేది. వినేవాళ్లూ అంతే మామూలుగా విని ఊరుకునేవాళ్లు. శాన్ ఆంటోనియో పడమటి పేటలో ఆ హోటల్‌కి వచ్చేవాళ్లలో సగం మంది ఆమె ముఖం కూడా చూసి ఉండరు. ఆమె పొడి రుచి మాత్రం వాళ్ల పిల్లలకి కూడా తెలుసు.

వంట చేద్దామని ఆమె అక్కడికి రాలేదు. పద్దెనిమిదేళ్లకి జీన్స్ ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. జేబులు కుట్టే మిషన్ ఒకరోజు ఆమె కుడిచేతిని లాగేసుకుంది. చెయ్యి దక్కింది గానీ చివరి రెండు వేళ్లు అప్పట్నుంచి సరిగ్గా ముడుచుకోవు. కాఫీ కప్పు పట్టుకుంటే ఆ రెండూ పక్కకి లేచి నిలబడతాయి. “మా చెల్లెలు రాణిగారమ్మా, దాని వేళ్లు చూడండి” అని మా అమ్మ ఏడిపించేది. తర్వాత పిన్ని రామిరోని పెళ్లి చేసుకుంది. ఆరేళ్లకి రామిరో లారీతో సహా కాలవలో పడి చనిపోయాడు. పిల్లలు లేరు. రామిరో అన్న గుమారో, హోటల్ వెనక గది ఖాళీగా ఉంది, ఉండమన్నాడు. ఆ గది గుమ్మం నుంచి వంటింటి గుమ్మానికి పదకొండు అడుగులు. నేను నడిచి చూశాను. మా పిన్ని బతుకంతా ఆ పదకొండు అడుగుల్లోనే అటూ ఇటూ తిరిగింది.

పొడి ఆమెకి నేర్పింది అత్తగారు సెనాయిదా. ముసలావిడ అప్పటికే మంచం పట్టింది. మంచం మీంచే చెప్పింది: మిరపకాయలు ఇన్ని అని లెక్కపెట్టు, ఉప్పు డబ్బా మూతతో కొలువు, వెల్లుల్లి గడ్డలు లెక్కపెట్టు. జీలకర్ర మాత్రం పిడికిలితోనే తియ్యి. జీలకర్ర జాడీలో చెంచా పెట్టకూడదు, ఇనుము తగిలితే దాని వాసన చచ్చిపోతుంది. నాలుగు పిడికిళ్లు. అంతే. చెప్పిన పదిరోజులకి ముసలావిడ కన్నుమూసింది.

మా పిన్ని నాలుగు పిడికిళ్లు వేసింది. పొడి చప్పగా వచ్చింది. ఐదు వేసింది, చాల్లేదు. ఆరు వేస్తే సరిగ్గా సెనాయిదా పొడి వచ్చింది.

“చూశావా, పోతూపోతూ కూడా లెక్క దాచేసింది” అనేది నాతో. “కోడలికి పూర్తిగా చెబితే తనని మర్చిపోతారని భయం. నేనెలాగో కనిపెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.”

నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పండగకి హోటల్ మూలలో బల్ల వేసి, బంతిపూలు చల్లి, పోయినవాళ్ల ఫోటోలు పెడతాం. ఎవరికిష్టమైంది వాళ్ల ఫోటో ముందు పెడతాం. రామిరోకి బీరు. మా తాతకి సిగరెట్లు. సెనాయిదాకి మాత్రం మా పిన్ని రొట్టె, కాఫీ పెట్టి ఊరుకునేది. ఆవిడకి ప్రాణం టాకోలంటే. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా పెట్టలేదు. “లెక్క దాచినావిడకి పొడి ఎందుకు పెట్టాలి?” అనేది.

గుమారో కోడలు ఒకసారి ఆ లెక్కంతా కాగితం మీద రాసి, నూనె అంటకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పొయ్యి పక్కన గోడకి అంటించింది. ‘జీలకర్ర: ఆరు పిడికిళ్లు’. ఆ కాగితం చూసి పొడి కొట్టినవాళ్లు నాకు తెలిసి ముగ్గురు. ముగ్గురిదీ చేదు వచ్చింది.

చేదు వచ్చిందని తేల్చేది ఫిడెన్సియో. విమానాలు బాగుచేసి రిటైరైన నలుగురు ముసలాళ్లు ప్రతి గురువారం మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్లకి పెద్ద ఆయనే. మాంసం కైమాలో పొడి, చిన్న బంగాళాదుంప ముక్కలు, గరిటెడు నీళ్లు వేసి ఇగరబెట్టి, మడిచి వేయించిన పల్చటి మొక్కజొన్న రొట్టెలో, అంటే టోర్టియాలో, కూరి టాకోలుగా ఇస్తాం. మొదటి ముక్క కొరికి ఆయన నోరు ఆడించడం ఆపేస్తే వంటింట్లో అందరి నోళ్లూ ఆగిపోతాయి.

“ఎవరమ్మా ఇవాళ వంట?” అని అరుస్తాడు. “మందుల షాపువాడా?”

ఆ మాట వీధి చివరిదాకా పోతుంది. వారంలో సగం బల్లలు ఖాళీ. పిన్ని రెండుసార్లు నిజంగానే పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. రెండుసార్లూ పదిహేను రోజులు తిరక్కుండా గుమారో మా గుమ్మంలో నిలబడ్డాడు. తిట్టడానికి కాదు. ఏడవడానికి. అరవై దాటిన మనిషి, అంత లావు మనిషి, టోపీ గుండెకి అదుముకుని ఏడుస్తుంటే ఏం చేస్తావు?

“ఒరాలియా, పదకొండు మంది పనివాళ్లు. మా అమ్మ పెట్టిన పొయ్యి. నేను నిన్ను కట్టెయ్యలేదు కదమ్మా. ఇంకొకళ్ల చేత్తో నీ పొడి వచ్చిన రోజు నువ్వు హాయిగా వెళ్లు. నేనే బస్సెక్కిస్తాను.”

“సరే బావగారూ” అనేది పిన్ని. పెట్టె మళ్లీ సర్దుకునేది.

మనిషిని కట్టెయ్యడానికి ఇంతకన్నా మంచి తాడు నేను చూడలేదు.

నేను ఆ వంటింట్లోకి వచ్చింది కిందటి ఫిబ్రవరిలో. కాలేజీ మూడో సెమిస్టర్‌లో మానేశాను. ఎందుకు మానేశావని మా అమ్మ అడిగితే కుర్చీలో కూర్చోలేక అన్నాను. అది నిజమే. చమురు బావుల్లో పని చేయడానికి పడమటి వైపున్న ఒడెస్సా వెళ్దామని, జూన్‌లో నా స్నేహితుడి బండి బయల్దేరుతుందని, అప్పటిదాకా నాలుగు నెలలు హోటల్లో గిన్నెలు తోముదామని వచ్చాను. మూడో రోజే పిన్ని నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

“ఒరేయ్ నెటో, నీ చెయ్యి పెద్దది. పొడి నేర్చుకోరా.”

“నాకెందుకు పిన్నీ? నేను జూన్‌లో పోతున్నా.”

“నేనూ జూన్‌లోనే పోవాలి రా.”

అప్పుడు చెప్పింది సంగతి. ఫ్యాక్టరీలో ఆమె పక్క మిషన్ మీద పనిచేసిన నికనోరా ఇప్పుడు సముద్రం ఒడ్డున రాక్‌పోర్ట్‌లో ఉంటోంది. ఇంటి వెనక ఓ గది ఉంది. కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి. దగ్గర్లో బట్టల కొట్లో పని కూడా చూసింది. మే నెలాఖరులోగా వస్తానంటే గది ఒరాలియాది. లేదంటే నికనోరా మేనకోడలు పిల్లలతో దిగిపోతుంది.

“యాభై ఎనిమిదొచ్చాయి నాకు. ఇంకో గది ఎవరు చూపిస్తారు?” అంది. ఆమె గొంతులో ఆ బెదురు మొదటిసారి విన్నాను.

నేర్చుకున్నాను. బుధవారం పొద్దున పొడి కొట్టే రోజు. ఎండు ఆంచో మిరపకాయలు నల్లగా ముడతలు పడి కిస్మిస్‌లా ఉంటాయి. తొడిమలు తీసి, గింజలు దులిపి, పెనం మీద పెట్టీపెట్టకుండా తిప్పాలి. ఒక్క క్షణం ఎక్కువైతే ఘాటుకి వీధిలో కుక్క కూడా తుమ్ముతుంది. వెల్లుల్లి రెబ్బలు ముందురోజే సన్నగా కోసి ఓవెన్‌లో ఎండబెట్టాలి. జీలకర్ర, మిరియాలు దోరగా వేయించి మూడు కాళ్ల రాతి రోట్లో నూరాలి. మిక్సీ పెట్టకూడదు. ఒరెగానో ఆకు అరచేతుల మధ్య నలిపి పైన చల్లాలి. చివర్లో వేయించిన మొక్కజొన్న పిండి కాస్త, కైమా నీళ్లోడకుండా పట్టి ఉంచడానికి.

నా పొడి చేదు వచ్చింది. మార్చిలో చేదు. ఏప్రిల్లో చేదు.

“జీలకర్ర మాడుస్తున్నావురా” అంది పిన్ని.

తక్కువ వేయించాను. పచ్చివాసనా వచ్చింది, చేదూ పోలేదు.

“జీలకర్ర ఎక్కువైంది” అంది గ్రిసెల్డా. ఆవిడ మెక్సికోలోని మిచోకాన్ నుంచి వచ్చిన వంటమనిషి. కాగితం చూసి పొడి కొట్టి చెడగొట్టిన ముగ్గురిలో మూడోది.

వంటింట్లో అందరం నవ్వాం. ఎందుకంటే గ్రిసెల్డాకి జీలకర్ర ఎప్పుడూ ఎక్కువే. “మా ఊళ్లో జీలకర్ర కడుపునొప్పికి మరగబెట్టుకు తాగుతాం. మీరేమో మాంసంలో కుమ్మరించుకుంటారు. మీరు మెక్సికో వాళ్లేనా లేకపోతే ఒంటెలు తోలుకునేవాళ్లా?” అనడం ఆవిడకి రోజూ ఉన్నదే. పిన్ని పొడి తిన్నా అదే మాట అనేది. అందుకని ఆవిడ నిజం చెప్పినప్పుడు కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఆరు అని గోడ మీద రాసి ఉంది కదా.

మే ఇరవై రెండో తారీకు బుధవారం. జీలకర్ర జాడీ అడుగంటింది. కొత్త సంచి విప్పి జాడీ నింపాలి, కానీ జాడీ కడిగి తడారడానికి బోర్లించి ఉంది. పిన్ని విసుక్కుని జీలకర్రని వెడల్పాటి తెల్ల పళ్లెంలో పోసుకుంది. పిడికిలి ముంచి తీసింది. పక్కనున్న పెనంలో వేసింది. మళ్లీ ముంచింది.

పళ్లానికీ పెనానికీ మధ్య బల్ల మీద సన్నటి గీత పడింది.

నేను ఉల్లిపాయలు తరగడం ఆపేశాను. మూడో పిడికిలి. ముడుచుకోని ఆ రెండు వేళ్ల సందులోంచి జీలకర్ర ఇసుకలా జారుతోంది. రోజూ లోతైన జాడీలోంచి తీసేది కాబట్టి, చెయ్యి పైకి వచ్చేలోపే జారాల్సిందంతా లోపలికే జారిపోయేది. ఎవరికీ కనపడలేదు. ఆ వేళ్లకి స్పర్శ లేదు కాబట్టి ఆమెకీ తెలీలేదు. ఇరవై ఏడేళ్లు.

ఆమె అటు తిరగ్గానే ఆమె వేసినదీ, నేను పిడికిలితో తీసినదీ మాంసం తూచే కాటా మీద తూచి చూశాను. ఆమె ఆరు పిడికిళ్లు నా నాలుగు పిడికిళ్లకి సరిగ్గా సరిపోయాయి.

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు మంచిపేరు తెచ్చేది కాదు. నేను చెప్పలేదు. నోరు తెరిచాను కూడా, “పిన్నీ” అన్నాను కూడా. “ఏంట్రా?” అంది. అదే క్షణంలో ఒక విషయం అర్థమైంది. పొడి నా చేత్తో వస్తే, గుమారో టోపీ గుండెకి అదుముకుని ఈసారి నా ముందు నిలబడతాడు. ఒడెస్సా బండి జూన్ పదో తారీకున నేను లేకుండా పోతుంది. పదకొండు అడుగుల్లో ఇంక తిరగాల్సింది నేను.

“ఏం లేదు. ఉల్లిపాయ కళ్లల్లో పడింది” అన్నాను.

తర్వాతి బుధవారం పొడి నన్నే కొట్టమన్నాడు గుమారో. “రేపు ఫిడెన్సియో బల్లకి నీ పొడే. ఆఖరి పరీక్ష. ఒరాలియా ప్రాణం నీ చేతుల్లో పెట్టింది, చూసుకో” అని భుజం మీద చరిచాడు. పిన్ని స్టూల్ మీద కూర్చుని నా చేతులే చూస్తోంది. ఆమె గదిలో పెట్టె సగం సర్ది ఉందని నాకు తెలుసు.

ఆరు పిడికిళ్లు వేశాను. నా పిడికిళ్లు. తెలిసీ వేశాను.

గురువారం ఫిడెన్సియో కొరికాడు. నోరు ఆపాడు.

“ఇదిగో, మందుల షాపువాడు మళ్లీ వచ్చాడు” అన్నాడు. మిగతా ముగ్గురూ పళ్లేలు ముందుకి తోసేశారు. ఎప్పుడూ అరిచే మనిషి ఈసారి మామూలుగా అన్నాడు. అది ఇంకా ఘోరంగా ఉంది.

పిన్ని స్టూల్ మీంచి లేచింది. ఆప్రాన్ కట్టుకుని, డబ్బాలో మిగిలిన తన పాత పొడితో నాలుగు పళ్లేలూ మళ్లీ చేసి పంపించింది. సాయంత్రం కౌంటర్ దగ్గర ఫోన్లో మాట్లాడటం విన్నాను.

“లేదు నికనోరా. రాలేను. ఇచ్చెయ్ దానికి. ఆఁ, పిల్లలున్నారు కదా, ఇచ్చెయ్.” ఫోన్ మరో చెవికి మార్చుకుని, “కిటికీకి తెర ఏ రంగు వేశావే?” అని అడిగింది. అవతల ఏం చెప్పారో గానీ, “బావుంటుంది” అని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్న ఇంక ఉండలేకపోయాను. ఆమె గదికి వెళ్లాను. పెట్టెలోంచి బట్టలు తీసి మళ్లీ అల్మరాలో పెట్టుకుంటోంది.

“పిన్నీ, నీ చెయ్యి కారుతోంది.”

“ఏం వాగుతున్నావురా?”

పళ్లెం, జీలకర్ర తెచ్చి ఆమె ముందు పెట్టాను. తియ్యమన్నాను. నన్ను చూస్తూనే పిడికిలి పట్టింది. పైకెత్తింది. నేను చెప్పనక్కర్లేకపోయింది. జారే చప్పుడు వినిపించింది. ఆమె కిందకి చూసింది. మళ్లీ పట్టింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ చూసింది.

“నీవి ఆరు, మామూలు చెయ్యికి నాలుగు” అన్నాను. “నాకు కిందటి బుధవారం ముందు బుధవారమే తెలుసు. నిన్నటి పొడిలో కావాలనే ఆరు వేశాను.”

తిడుతుందనుకున్నాను. కొడితే బావుండుననుకున్నాను. ఆమె చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది.

“నాలుగు” అంది. “ముసలావిడ నాలుగే చెప్పింది.”

“అవును.”

“దాచలేదు.”

“లేదు పిన్నీ.”

తలెత్తింది. “తొమ్మిది రోజులు నోరు మూసుకున్నావు. నేను ఇరవై ఏడేళ్లు ఆవిణ్ణి తిట్టాను. నీ తొమ్మిది రోజులు ఏపాటిలేరా.” బట్టలు మళ్లీ అందుకుని, “గ్రిసెల్డాకి చెప్పకు. ఆ మాట పట్టుకుని నన్ను చంపేస్తుంది” అంది. నవ్విందో లేదో చెప్పలేను.

నికనోరాకి నేనే ఫోన్ చేశాను. మేనకోడలు ఆ పొద్దున్నే మంచాలు దింపేసిందట.

తర్వాతి బుధవారం నాలుగు వేశాను. గురువారం ఫిడెన్సియో మూడు టాకోలు తిని, వేళ్లు నాకి, “ఒరాలియా, నీ చేతికి ముద్దు పెట్టాలమ్మా” అని వంటింటి వైపు అరిచాడు. గుమారో పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకుని ఏడ్చాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి, “నువ్వింక హాయిగా వెళ్లొచ్చమ్మా, బస్సు నేనెక్కిస్తాను” అన్నాడు. పాపం, మాట మీద నిలబడే మనిషే.

“ఎక్కడికి బావగారూ?” అంది పిన్ని.

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.  ఒడెస్సా బండి పదో తారీకున హోటల్ ముందు ఆగింది. నా స్నేహితుడు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆప్రాన్ విప్పకుండానే బయటికి వెళ్లి రానని చెప్పాను. వాడు నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. సరైన తిట్టే.

గోడ మీది కాగితంలో ఆరు కొట్టేసి నాలుగు అని రాద్దామనుకున్నాను. గుమారో చూసి కాగితమే పీకేశాడు. “చెయ్యి ఉండగా కాగితం ఎందుకు? ఎవడైనా ఎత్తుకుపోతాడు” అన్నాడు. చెయ్యి అంటే నాదే.

పిన్ని వెళ్లలేదు. పొద్దున్నే పదకొండు అడుగులు నడిచి వస్తుంది. పొడి ముట్టుకోదు. స్టూల్ మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంది. మానేస్తానన్న మాట ఇప్పుడు అనదు. మానెయ్యడానికి ఆమె దగ్గర ఇంకేం మిగల్లేదు. వింటున్నప్పుడు ఎవరం పట్టించుకోలేదు గానీ, ఆ మాట లేకపోతే వంటింట్లో ఏదో మిషన్ ఆగిపోయినట్టుంది.

నవంబరు మొదట్లో ఎప్పట్లాగే మూలలో బల్ల వేశాం. నేను బంతిపూలు తుంపుతుంటే పిన్ని లేచి రోలు దగ్గరికి వెళ్లింది. మిరపకాయలు లెక్కపెట్టింది. పెనం వేడెక్కించింది.

“ఎవరికి పిన్నీ?”

“ఎవరికేంట్రా? ముసలావిడకి. టాకోలు. ఇరవై ఏడేళ్ల ఆకలి.”

జీలకర్ర జాడీ మూత తీశాను. నాలుగు పిడికిళ్లు వెయ్యబోయాను. ఆమె నా చెయ్యి పక్కకి తోసేసింది.

“నువ్వు కాదు. ఆవిడ నాకు చెప్పింది. నేనే వెయ్యాలి. నాలుగే వెయ్యాలి.” కుడిచేతిని జాడీలో ముంచి ఆగింది. “రా. ఈ రెండు వేళ్లూ మూసి పట్టుకో.”

నేను నా చెయ్యి కూడా జాడీలో దూర్చాను. ఇద్దరి చేతులూ దూరేసరికి జాడీ మూతి బిగుసుకుంది. నిలబడిపోయిన ఆ రెండు వేళ్లనీ వంచి ఆమె అరచేతికి అదిమాను. చల్లగా, కర్రల్లా ఉన్నాయి. అలాగే మెల్లగా పైకి తీశాం.

“గట్టిగా పట్టుకో. పోతుంది.”

“పట్టుకునే ఉన్నా పిన్నీ.”

“ఒకటి” అంది.